మగ ఈగ కావలెను

ఆదోని పట్టణ ప్రజలకు, చుట్టుపక్కల గ్రామాల వారికి తెలియజేయడమేమనగా, ప్రపంచంలో ఇంకెక్కడా ఇంతవరకు కనిపించని ఒక ఈగ మన మిల్లు పార్కులో కాపురం ఉంటున్నట్టు తేలింది. దీన్ని కనుగొన్నది మన ఊరి విత్తనాల వ్యాపారి హారూన్. అంటే ఆయన భార్య నిఖత్. ఆమె ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. ఇటువంటి చిన్న తేడాలను మన ఊరు పట్టించుకోదు కాబట్టి మేం కూడా పై వాక్యాన్ని దిద్దకుండా అలాగే ఉంచాం.

మిల్లు పార్కు అంటే పాత పత్తి జిన్నింగు మిల్లు స్థలంలో వెలసిన ఉద్యానవనం. ఉద్యానవనం అనడానికి అందులో ఒక గేటు, ఒక ఫౌంటెను, దాతల పేర్లు రాసిన బెంచీలు ఉన్నాయి. కొందరు దాతల వంశం పెద్దది కావడంతో పేర్లు వీపు ఆన్చే చోటు దాటి కూర్చునే చోటికి దిగాయి. ఎవరి తాత మీద కూర్చుంటున్నామో చూసుకొని కూర్చోవాలి. ఫౌంటెనులో నీళ్ళు లేవు. ఉన్న నీళ్ళన్నీ మూలనున్న కుళాయిలోంచి కారిపోతాయి. ఆ నీళ్ళకు కానుగ ఆకులు కుళ్ళి ఆ మూల ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. నడక కోసం వచ్చేవాళ్ళు అక్కడికి రాగానే ముక్కు మూసుకొని వేగం పెంచుతారు. వాళ్ళ నడకలో ఆరోగ్యానికి నిజంగా పనికొచ్చే భాగం అదొక్కటే.

నిఖత్ ఆదివారాలు ఆ మూలన పసుపు రంగు ప్లాస్టిక్ పళ్ళేలు పెట్టి, వాటిలో సబ్బు నీళ్ళు పోసేది. చిన్న ఈగలు పసుపు రంగును చూసి పువ్వనుకొని వాలి, సబ్బు నీళ్ళలో మునుగుతాయి. ఆమె వాటిని జల్లెడ పట్టి, చిన్న సీసాల్లో వేసుకొని కాలేజీకి తీసుకుపోయి మైక్రోస్కోపు కింద చూస్తుంది. ఇంత మామూలు సంగతిని ఊరు అర్థం చేసుకోకపోవడం సహజం. మొదటి వారం అవి పిట్టలకు పెట్టిన నీళ్ళని అందరూ మెచ్చుకున్నారు. రెండో వారం ఎవరో దిష్టి తీసి పెట్టారన్నారు, చుట్టూ తిరిగి పోయారు. ఆ తర్వాత ఒక పళ్ళేనికి కుంకుమ బొట్టు వచ్చింది. ఇంకోదాని పక్కన నిమ్మకాయ వచ్చింది.

పార్కు సంఘం అధ్యక్షుడు నరసప్ప భార్య తిమ్మమ్మ ఒకరోజు నేరుగా అడిగేసింది.

"ఏమ్మా నిఖత్, ఏం మొక్కు ఇది?"

"మొక్కు కాదు పెద్దమ్మా. ఈగలు పడతాండా."

"ఈగలా? దానికి ఈ పళ్ళేలు ఎందుకు, మా ఇంటికి రాకూడదా? సేటలకు సేటలు ఎత్తుకోని పోదువు."

మన ఊళ్ళో చదువుకొని ఉద్యోగం దొరకనివాళ్ళు ఈగలు తోలుకుంటూ కూర్చుంటారు. చదువుకొని ఉద్యోగం కూడా దొరికిన మనిషి ఈగలు పట్టుకోవడం ఇదే మొదలు. అందువల్ల పాపం హారూన్‌కు ఏమైనా ఇబ్బందులున్నాయా అని నలుగురూ విచారించారు.

ఇబ్బంది ఈగతోనే వచ్చింది. ఆ పళ్ళేల్లో నువ్వుగింజలో సగం కూడా లేని, వీపు గూనిలా వంగిన ఒక ఈగ మళ్ళీ మళ్ళీ పడుతోంది. అది ఏ పుస్తకంలోని ఈగతోనూ కలవడం లేదు. నిఖత్ బొమ్మలు గీసి, ఫొటోలు తీసి, బెంగళూరులో ఈ ఈగల గురించే బతుకంతా చదివిన ఒక పెద్దాయనకు పంపింది. ఆయన జవాబు రాశాడు. ఇది కొత్త జాతే అనిపిస్తోంది, కానీ మీరు పంపినవన్నీ ఆడవి. ఈ వంశంలో ఆడవన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. మగదాని పొట్ట చివరనున్న అవయవాలను చూస్తే తప్ప ఏది ఏ జాతో చెప్పలేం. మగది దొరికేదాకా ఆడదానికి పేరు పెట్టడానికి వీల్లేదు.

ఈ కబురు విని ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు. రేషన్ కార్డు మొదలుకొని శుభలేఖ దాకా మనం ఎప్పటినుంచో పాటిస్తున్న పద్ధతిని సైన్సు ఇప్పుడు కనిపెట్టినందుకు కొందరు జాలిపడ్డారు కూడా.

చిక్కేమిటంటే, ఆ ఈగ దొరికేది ఆ చెమ్మ మూలలో మాత్రమే. ఆ మూలలో సిమెంటు బిళ్ళలు పరిచి సెల్ఫీ పాయింటు కట్టాలని పార్కు సంఘం అప్పటికే తీర్మానించి ఉంది. బిళ్ళలు పడితే ఈగ ఉండదు. ఈగ లేకపోతే మగ ఈగ దొరకదు. మగది దొరకకపోతే, ప్రపంచంలో ఎక్కడా లేని ఆ ప్రాణి ఎవరికీ తెలియకుండా, పేరైనా లేకుండా పోతుంది. నిఖత్ నాలుగేళ్ళ ఆదివారాలు కూడా దానితోనే పోతాయి. ఆమె సంఘం సమావేశానికి వెళ్ళి, మగది దొరికేదాకా పని ఆపమని అడిగింది.

అధ్యక్షుడు నరసప్ప పత్తి దళారీ. పత్తి కంటే పెళ్ళి సంబంధాలు కుదర్చడంలో ఆయనకు ఎక్కువ పేరుంది.

"మగదేనని ఎట్ల తెలుస్తాదమ్మా?" అని ఆయన అడిగాడు.

నిఖత్ క్లాసులో చెప్పినట్టే చెప్పింది. సభ్యులందరూ ఒక్కసారిగా కానుగ చెట్టు కొమ్మలకేసి చూడటం మొదలుపెట్టారు. ఆమె చెప్పడం ముగిసేదాకా ఎవరూ తల దించలేదు. మినిట్సు పుస్తకంలో ఈ విషయాన్ని "మగ ఈగ యొక్క పౌరుషమును బట్టి జాతి నిర్ణయమగునని మేడంగారు సభకు వివరించిరి" అని గౌరవంగా రాసుకున్నారు.

"వేరే జాతి మగది అయితే పనికి రాదా?" అని నరసప్ప కొంచెం సందేహంగా అడిగాడు.

"రాదు సార్. అదే జాతిది కావాల."

ఆ మాటతో సైన్సు మీద పెద్దలకున్న అనుమానాలన్నీ తీరిపోయాయి.

"ఇంతేనా?" అన్నాడు నరసప్ప. "ఆడపిల్ల ఉంది, దానికి తగిన మగపిల్లోడు కావాల. బతుకంతా నేను సేస్తాండే పని ఇదే గదమ్మా. నువ్వు నిమ్మళంగా ఉండు. దసరా దాంకా సూస్తాం. దసరా రాత్రి దేవరగట్టులో కట్టెలాట అయిపోయిన మర్నాడు మాత్రం బిళ్ళలు పడాల్సిందే. దాతలు ఊరుకోరు."

ఆ సాయంత్రమే అన్ని వాట్సాప్ గ్రూపుల్లోకీ ఈ ప్రకటన వెళ్ళింది: "వరుడు కావలెను. ఆదోని మిల్లు పార్కు వాస్తవ్యురాలు, చామనఛాయ, నాజూకైన రెక్కలు, వీపు కొంచెం వంగినది గానీ పనిలో చురుకు. కుళాయి పక్కన సొంత నివాసం. అదే జాతికి చెందిన మగ ఈగ కావలెను. ఉద్యోగం అవసరం లేదు. దళారులు క్షమించవలెను." కింద దళారీ నరసప్ప ఫోను నంబరు ఉంది.

ప్రజల స్పందన అపూర్వం. అగ్గిపెట్టెల్లో, జండూబామ్ సీసాల్లో, టిఫిను గిన్నెల్లో ఈగలు వచ్చాయి. పత్తికొండ టమాటా మార్కెట్టు నుంచి ఒక రైతు కుళ్ళిన టమాటాల పెట్టెను అలాగే ఆటోలో వేసి పంపాడు. ఏరుకొనే భారం మీదేనని చెప్పమన్నాడు. కౌతాళం నుంచి ఒకాయన గేదెల మీద వాలే జోరీగను గాజు సీసాలో బిగించి స్వయంగా తెచ్చాడు.

"ఇది మగదేనప్పా. ఎట్ల గుర్రుమంటాందో సూడు."

మగదని గుర్తుపట్టడానికి ఎవరి శాస్త్రం వాళ్ళకుంది. లావుగా ఉంటే మగదన్నారు. కొడితే తప్పించుకునేది మగదన్నారు. తిమ్మమ్మ కూడా ఒక ఈగను కొంగున ముడేసి తెచ్చింది.

"ఇది కచ్చితంగా మగదమ్మా. తెల్లారి లేసినప్పటినుంచి పేపర్ మీదనే కూసోనింటాది. పక్కన అంత కూర మూత లేకుండా ఉన్నా అటు తిరిగి సూడదు."

నిఖత్ ప్రతి దాన్నీ ఓపికగా చూసింది. అన్నీ ఇంటి ఈగలు, పండు ఈగలు, సగం ఆడవి. ఆ మాట పైకి అనడం ఆమె చేసిన తప్పు. తన ఇంట్లో పట్టిన ఈగ ఆడదని తేల్చినందుకు ఒక మిల్లు యజమాని అలిగి, సంఘానికి రాజీనామా పంపించాడు. వాళ్ళ వంశంలో అట్లాంటిది ఎన్నడూ జరగలేదట.

ఇదే సమయంలో ఈగను కనుగొన్నందుకు సన్మానాలు కూడా మొదలయ్యాయి. సన్మానం హారూన్‌కు జరిగేది. దీనికి కారణం మరేమీ కాదు. ఆడమనిషికి శాలువా కప్పాలంటే వేదిక మీద ఇంకో ఆడమనిషి ఉండాలి. మన వేదికల మీద ఆడమనుషులుండరు. కనుక శాలువా భర్తకు కప్పి, చప్పట్లు భార్య వైపు తిరిగి కొట్టడం మధ్యేమార్గంగా కుదిరింది. హారూన్ మంచి మనిషి. మొదటి సభలో "నాదేమీ లేదన్నా, అంతా మా ఇంటామె సేసింది. నాకు విత్తనాలు తప్ప ఏం తెలుస్తాయి?" అన్నాడు. రెండో సభలో "మేమిద్దరం కలిసి" అన్నాడు. మూడో సభకు వచ్చేసరికి, చిన్నప్పుడు బడిలో కిటికీ పక్కన కూర్చొని తాను ఈగలను ఎంత శ్రద్ధగా గమనించేవాడో చెబుతుంటే నిఖత్ కూడా ఆసక్తిగా విన్నది. ఆమెకు అదంతా కొత్త.

దసరా దగ్గర పడింది. ఈగ కుదరలేదు. కూలీలు వచ్చి చెమ్మ మూలకు సున్నంతో ముగ్గు పోసి వెళ్ళారు. అప్పుడు ఎమ్మిగనూరు నుంచి నరసప్పకు ఫోను వచ్చింది. మాట్లాడింది రంగప్ప. ఆయనకు అక్కడ చేనేత బట్టల దుకాణం ఉంది. మన మిల్లు పార్కులాగే ఆ ఊళ్ళో ఉన్న మగ్గాల పార్కు సంఘానికి ఆయన అధ్యక్షుడు.

"నరసప్పన్నా, మగోడు మా దగ్గర ఉండాడు," అన్నాడు రంగప్ప.

జరిగిందేమిటంటే, ప్రకటన చూసి మగ్గాల పార్కు వాళ్ళు కూడా కొబ్బరికాయ కొట్టి, గడ్డి మైదానం నడిబొడ్డున పసుపు పళ్ళేలు పెట్టారు. రోజూ వాటిలో నీళ్ళు మార్చే బాధ్యత అధ్యక్షుడు స్వయంగా స్వీకరించి భార్యకు అప్పగించాడు. ఆమెను అందరూ మధు వాళ్ళమ్మ అంటారు. మధు వాళ్ళ అబ్బాయి. మధు వాళ్ళమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఒక పళ్ళేన్ని మైదానం దాకా మోయలేక పార్కు కుళాయి దగ్గర పొద మొదట్లోనే వదిలేసింది. అది ఇంట్లో తోమిన పళ్ళెం, సబ్బు సరిగా పోలేదు. మర్నాడు దానిలో గూని ఈగ ఒకటి తేలింది. రంగప్ప ఫొటో పంపాడు. ఫొటోలో ఆయన బొటనవేలు స్పష్టంగా, ఈగ మసకగా ఉన్నాయి. అయినా పొట్ట కొస ఆకారం చూసి నిఖత్ గబుక్కున లేచి నిలబడింది.

"సార్, మగదే అయి ఉండచ్చు. ఆ సీసా ఒక్కసారి నాకిస్తే చాలు."

"ఇస్తారు, ఇస్తారు. యాడికి పోతాది?" అన్నాడు నరసప్ప. ఫోను అందుకొని, "రంగప్పా, రేపే తీసుకోని రా," అన్నాడు.

"మేం రావాల్నా?" అన్నాడు రంగప్ప. అంతదాకా మామూలుగా ఉన్న ఆయన గొంతులో ఒక కొత్త మర్యాద వినిపించింది. "మగపిల్లోని తరఫు మాది గదన్నా. ఆడపిల్లోళ్ళు మీరే వచ్చి ఇల్లూ వాకిలీ సూసుకోని పోండి."

ఆ క్షణం నుంచి ఆదోని ఆడపిల్లవారు, ఎమ్మిగనూరు మగపిల్లవారు. పత్తి ధర దగ్గర ఎన్నడూ ఒక మెట్టు దిగని నరసప్ప కూడా "సరేనన్నా, మీరెట్ల సెప్తే అట్ల" అన్నాడు. దాన్నిబట్టి సంప్రదాయం బలం ఎంతటిదో గ్రహించవచ్చు. మర్నాడు పండ్లు, మిఠాయి, తమలపాకులు పెట్టుకొని మేం తుఫాన్ బండిలో ఎమ్మిగనూరు వెళ్ళాం. మగవాళ్ళు ముందు సీట్లలో, ఆడవాళ్ళు వెనక సీట్లలో, నిఖత్ భూతద్దం ఆమె సంచిలో.

రంగప్ప ఇంటి హాల్లో అందరికీ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టారు. ఆడవాళ్ళను వంటింట్లోకి పంపారు. నిఖత్ హాల్లోనే కూర్చోబోతే, "నువ్వు లోపలికి పోమ్మా, పెద్దోళ్ళు మాట్లాడుకుంటారు, నీ తరఫున హారూన్ ఉండాడు గదా," అన్నాడు నరసప్ప. వంటింటికీ హాలుకూ మధ్య తలుపు లేదు, తెర ఉంది. కాబట్టి ఆ తర్వాత జరిగిందంతా లోపలినుంచి మేం విన్నదే, తెర సందులోంచి చూసిందే.

రంగప్ప ఒక చిన్న సీసా తెచ్చి టీపాయి మీద పెట్టాడు. లోపల తేనె రంగు ద్రవంలో ఒక చుక్క తేలుతోంది.

"ఏంది రంగప్పా ఆ నీళ్ళు?"

"బ్రాందీ అన్నా. సెడిపోకుండా ఉంటాదని దాండ్లో పెట్టినా."

నరసప్ప సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. ఇన్నేళ్ళుగా ఎన్నో సంబంధాల్లో అడగలేకపోయిన ప్రశ్న ఆయనకు ఇప్పుడు అడగక తప్పలేదు.

"పిల్లోనికి అలవాటు ఉందా?"

"ఎప్పుడో ఒగసారి," అన్నాడు రంగప్ప.

"ఈ కాలంలో అది లెక్కల్యాకి రాదులే," అని నరసప్ప, అలాంటి సందర్భాల్లో ఆడపిల్లవారు ఏమనాలో అది అన్నాడు.

తర్వాత పేరు దగ్గర మాట పట్టింపు వచ్చింది. కొత్త ఈగకు ఆదోని పేరు పెట్టాలని నరసప్ప కోరాడు. రంగప్ప చిరునవ్వు నవ్వాడు.

"అన్నా, పెండ్లయినాక ఆడపిల్లకు ఎవరి ఇంటిపేరు వస్తాది? మీరే సెప్పండి. సైన్సు కూడా అదే అంటాంది గదా, మగదాన్ని బట్టే పేరని. ఎమ్మిగనూరు పేరే పెట్టాల."

ఆదోనివారికి ఈ వాదంలో ఎక్కడా లోపం కనిపించలేదు. లోపం కనిపించి ఉంటే తమ తమ ఇళ్ళల్లో కూడా కనిపించి ఉండేది. అట్లని ఊరి పేరు వదులుకోనూ లేక మేడంను పిలిపించారు. నిఖత్ తెర పక్కకు జరిపి నిలబడింది.

"పేరు సంగతి తర్వాత చూద్దాం సార్. ముందు ఇది మగదో కాదో, అదే జాతో కాదో తేలాల. సీసా ఇస్తే తీసుకోని పోయి, పొట్ట కొస కోసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తా."

మగవాళ్ళందరూ ఎవరూ చెప్పకుండానే కాలు మీద కాలు వేసుకున్నారు.

"కోస్తావా?" అన్నాడు రంగప్ప.

"అవును సార్. కోసి చూస్తేనే తెలుస్తాది. చూసింది బొమ్మ గీసి పంపాల. దాన్ని పత్రికలో అచ్చు వేస్తారు."

"బొమ్మ గూడా ఏస్తారా!"

"పెద్దగా చేసి వేస్తారు సార్. అందరికీ కనపడాల గదా."

రంగప్ప లేచాడు. "సూడప్పా నరసప్పా. పెండ్లికొడుకును పరీక్ష సేసేది యా ఊరి ఆచారం? మగోడు మగోడేనని మా మాట సాలదా మీకు? మాకు ఈ సంబంధం వద్దు."

విచిత్రమేమంటే నరసప్ప కూడా లేచి రంగప్ప పక్కన నిలబడ్డాడు. "ఆయనన్నదీ న్యాయమేనమ్మా. అడగాల్సిన మాట కాదు అది," అన్నాడు నిఖత్‌తో. ఆడ ఈగలను సూది గుచ్చి, తిరగేసి, కాళ్ళ మీది వెంట్రుకలు కూడా లెక్కపెట్టినప్పుడు రెండు ఊళ్ళలోనూ ఎవరికీ అభ్యంతరం కలగలేదని ఇక్కడ నమోదు చేయడం మా బాధ్యత. సంబంధం ఇరుపక్షాల అంగీకారంతో చెడిపోయింది. మగవాళ్ళంతా బండి దగ్గరికి వెళ్ళి, అక్కడ నిలబడి, ఈ కాలం చదువుల గురించి ఒకరినొకరు ఓదార్చుకున్నారు. రంగప్ప పోతూ పోతూ సీసాను తెరలోంచి లోపలికి అందించి, "ఏమే, ఇది జాగర్తగా పెట్టు," అన్నాడు.

వంటింట్లో జరిగింది మినిట్సు పుస్తకంలో లేదు. అది మేం చెప్పాల్సిందే.

నిఖత్ గోడకానుకొని నేల మీద కూర్చుండిపోయింది. ఇంకో నాలుగు రోజుల్లో బిళ్ళలు పడతాయి. కావలసింది మూరెడు దూరంలో మధు వాళ్ళమ్మ చేతిలో ఉంది. అడిగే ధైర్యం ఆమెకు లేకపోయింది. తిమ్మమ్మకు ఉంది.

"ఏమ్మా, దాన్ని ఇయ్యి. మగోళ్ళు గుడ్డు పెట్టినట్ల దాని మీద కూసున్యారు. నీకేం పని దాంతో?"

"ఇయ్యొచ్చు గానీ అక్కా, పొద్దున లేసి సీసాలో సూసుకుంటాడే ఆయప్ప," అంది మధు వాళ్ళమ్మ. ఆ తర్వాత అటక మీది డబ్బా దించి, నారు పోయడానికి దాచిన ఉల్లి విత్తనం ఒకటి గోటితో తీసింది. నల్లగా, ముడతలు పడి, వీపు వంగి ఉంది. సంబంధం చూసేవాళ్ళకు అంతకంటే తేడా తెలియదు. టీ జల్లెడలో బ్రాందీ వొంచి, ఈగను తీసి నిఖత్ చేతి సీసాలో వేసింది. బ్రాందీని, ఉల్లి విత్తనాన్ని మళ్ళీ పాత సీసాలో పోసి మూత బిగించింది. ఇదంతా పాలు పొంగే లోపల అయిపోయింది.

నిఖత్ కళ్ళు తుడుచుకొని, ఒక చీటీ ముక్క, పెన్సిలు తీసింది.

"అమ్మా, దీన్ని ఎవరు పట్టినారో వాళ్ళ పేరు సీసాలో రాసి పెట్టాల. మీ పేరు చెప్పండి."

"మధు వాళ్ళమ్మ అని రాసుకోమ్మా. అందరికీ తెలుస్తాది."

"అది కాదమ్మా. మీ పేరు."

"ఇంట్లో లచ్చుమి అనేటోళ్ళు. మా అత్త ఉన్నెప్పుడు."

"అనేటోళ్ళు ఏంది?" అంది తిమ్మమ్మ. "నీ పేరు నీకు తెల్దా?"

ఆమె స్టవ్వు మంట తగ్గించింది. "మా అమ్మ పెట్టింది ఉచ్చీరమ్మ అని. ఈ ఇంటికొస్తే మా అత్త పేరూ ఉచ్చీరమ్మే. ఒగే ఇంట్లో ఇద్దరు ఉచ్చీరమ్మలు ఎట్ల ఉంటారక్కా? నన్ను తిడితే ఆయమ్మను తిట్టినట్ల అవుతాదని పీటల మీదనే లచ్చుమి అని మార్చినారు. మధుగాడు పుట్టినంక అదీ పాయ."

"ఈగల్లో ఆ పద్ధతి లేదమ్మా," అంది నిఖత్ చీటీ మీద రాస్తూ. "మొదట పెట్టిన పేరే పేరు. తర్వాత ఎవరు ఎన్ని పేర్లు మార్చినా చెల్లవు."

"పెండ్లయినా?"

"పెండ్లయినా."

"ఈగలకు ఎంత బాగుందమ్మా!" అని ఉచ్చీరమ్మ టీ వడగట్టింది.

కట్టెలాట అయిన మర్నాడు చెమ్మ మూలలో బిళ్ళలు పడ్డాయి. అప్పటికి నిఖత్ మైక్రోస్కోపు కింద ఈగ పొట్ట కొస చూసి, బొమ్మ గీసి, పంపించేసింది. అది మగదే. అదే జాతే. ఎండాకాలంలో పత్రిక వచ్చింది. కొత్త ఈగకు ఉచ్చీరమ్మ పేరు పెట్టి, దానికి శాస్త్రజ్ఞుల అలవాటు ప్రకారం ఒక లాటిన్ తోక తగిలించారు. ఆ పేరు వెంట, దాన్ని లోకానికి చెప్పిన మనిషిగా, నిఖత్ పేరు. అక్కడ ఎవరి భార్య అని రాయడానికి చోటు లేకపోవడాన్ని ఆదోనిలో అచ్చుతప్పుగా భావించారు.

ఆదోనివారు తమ వంతుగా చెమ్మ మూలలోని బిళ్ళల మీద సిమెంటుతో నిలువెత్తు ఈగ బొమ్మ కట్టించారు. మగదని తెలియడానికి మీసాలు పెట్టించారు. అసలు ఈగలు ఆ తర్వాత అక్కడ కనిపించలేదు. సెల్ఫీలకు మాత్రం కొదవ లేదు.

ఎమ్మిగనూరులో సంగతి వేరు. పేపర్లో పేరు చదవగానే రంగప్ప కుర్చీలోంచి ఎగిరి లేచాడు. ఉచ్చీరమ్మ అంటే పోయిన తన తల్లి! మేడం ఆనాడు అడగరాని మాట అడిగినందుకు సిగ్గుపడి, ప్రాయశ్చిత్తంగా వరుడి తరఫు పెద్దమనిషి తల్లి పేరు పెట్టిందని ఆయన నిర్ణయానికి వచ్చాడు. బస్టాండు నుంచి మగ్గాల పార్కు దాకా ఫ్లెక్సీలు కట్టించాడు. ఒక వైపు ఈగ, ఒక వైపు కీర్తిశేషురాలు, మధ్యలో నమస్కరిస్తూ రంగప్ప. పార్కులో సభ పెట్టాడు. వేదిక మీద తల్లి పటానికి గజమాల. పటం ముందు వెండి పళ్ళెంలో బ్రాందీ సీసా. లోపలి పెండ్లికొడుకు ఇన్ని నెలలకు నాని కొంచెం ఒళ్ళు చేశాడు. చూసినవాళ్ళంతా, మగపోడిమి ఎక్కడికి పోతుంది అన్నారు.

"మా అమ్మ బడి మొగం సూడలేదు," అని రంగప్ప గద్గద స్వరంతో మొదలుపెట్టాడు. "ఈ పొద్దు అమెరికాలో, జర్మనీలో సైంటిస్టులు మా అమ్మ పేరు పలుకుతాండారు. ఈ ఇంటి ఆడోళ్ళకు మేం ఇచ్చే గౌరవం అట్లాంటిది!"

హారూన్‌కు శాలువా కప్పారు. తర్వాత, కాలం మారింది కనుక, మేడంను కూడా రెండు ముక్కలు మాట్లాడమన్నారు. నిఖత్ మైకు దగ్గరికి వచ్చింది. ఉపోద్ఘాతం లేకుండా నేరుగా చెప్పింది.

"ఈ ఈగను పట్టిన ఉచ్చీరమ్మగారు బతికే ఉన్నారు. ఇక్కడే, మన మధ్యనే ఉన్నారు."

సభ మొత్తం గుండె మీద చెయ్యి వేసుకుంది. రంగప్ప భోరుమన్నాడు. "ఉందన్నా, మా అమ్మ ఈడనే ఉంది! మేడమ్మకు గూడా కనపడ్తాంది!" అన్నాడు. జనమంతా లేచి పటానికి దండాలు పెట్టారు. "ఆమె కాదు సార్," అని నిఖత్ అంటుండగానే మేళం అందుకుంది. మైకు ఎవరి చేతిలోకి పోయిందో తెలియలేదు. కూర్చొని ఉంటే బాగుండదని మేం కూడా లేచాం.

"ఏమే, హారతి!" అని రంగప్ప కేకేశాడు. వంట గుడారంలోంచి మధు వాళ్ళమ్మ కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. కర్పూరం వెలిగించి, పళ్ళెం పట్టుకొని, వేదిక ఎక్కి పటం ముందు నిలబడింది.

ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నవాళ్ళు వెనక వరుసల్లోంచి అరిచారు.

"ఓయమ్మా, రవ్వంత పక్కకు జరుగు! ఉచ్చీరమ్మ కనపడల్యా!"

ఆమె జరిగింది.